పిడుగు ఏ తీగ పట్టుకుని వచ్చింది: మా హాలు సౌండ్ సిస్టమ్ డైరీ

ఏప్రిల్ 26

నిన్న సాయంత్రం ఏడుంబావుకి గాలి లేచింది. బొబ్బిలి చుట్టుపక్కల ఈ రోజుల్లో ఇది మామూలే. మధ్యాహ్నమంతా ఉడికించి, పొద్దుగూకేసరికి కొండల మీంచి మబ్బు దిగుతుంది. రాలిన మామిడికాయలు ఏరుకుందామని అమ్మ బుట్ట తీసుకుని పెరట్లోకి వెళ్లబోతోంది. అంతలో కళ్లు మూసుకుపోయే వెలుగు, దాంతోపాటే చప్పుడు. మెరుపుకీ ఉరుముకీ మధ్య మూడు సెకన్లుంటే పిడుగు కిలోమీటరు దూరంలో పడ్డట్టు. మాకు ఒకటి అనుకునే వ్యవధి కూడా దొరకలేదు. నానమ్మ "అర్జునా, ఫల్గుణా" అని మొదలుపెట్టింది గానీ ఫల్గుణుడి దాకా వచ్చేలోపే పని అయిపోయింది. జీడితోట అవతల తాడిచెట్టు మొవ్వు మండుతూ కనిపించింది. మా ఇంటికి రెండు వందల మీటర్లుంటుందేమో.

ఇంటి మీద పడలేదు, ఎవరికీ ఏమీ కాలేదు. అది చాలు. కానీ హాల్లో ఏవీ రిసీవర్‌కి (పాటల్నీ టీవీ శబ్దాన్నీ స్పీకర్లకి పంపే డబ్బా) నెట్‌వర్క్ పోయింది, దాని ఒకటో నంబరు హెచ్‌డీఎంఐ పోయింది. డిష్ సెట్‌టాప్ బాక్సు పూర్తిగా చచ్చింది. మేడ మీద నెట్‌వర్క్ స్విచ్చిలో రెండు పోర్టులు వెలగడం మానేశాయి.

వింతేమిటంటే రిసీవర్ ప్లగ్గు పెట్టిన సర్జ్ స్ట్రిప్పులో (వోల్టేజీ ఎగిరిపడితే ఆపే ప్లగ్గుల బోర్డు) పచ్చ లైటు నిశ్చింతగా వెలుగుతోంది. ఫ్యూజు పోలేదు, ఎంసీబీ (కరెంటు మోతాదు మించితే తెంచే మీట) పడలేదు.

ఏప్రిల్ 28

సర్వీసు సెంటరువాళ్లు బోర్డు మొత్తం మార్చాలన్నారు. చెప్పిన ధరకి ఇంకో కాస్త వేస్తే కొత్తదే వస్తుంది. వద్దని ఇంటికి తెచ్చి మూత విప్పాను. కరెంటు వచ్చే వైపు అంతా శుభ్రంగా ఉంది. లాన్ (నెట్‌వర్క్) తీగ గుచ్చే జాక్ వెనక మాత్రం ఒక మూల మసిబారింది. అంటే పిడుగు ప్లగ్గులోంచి రాలేదు. సన్న తీగల్లోంచి వచ్చింది.

తెలుగు క్యాలెండర్లో మార్చి కాగితం చింపి, వెనక వైపు ఇల్లు గీశాను. హాల్లోకి బయట నుంచి వచ్చే రాగి ఏమేం ఉంది? కరెంటు, మేడ మీద స్విచ్చి నుంచి గోడ వెంట దిగే 22 మీటర్ల లాన్ కేబులు, టెర్రస్ మీంచి డిష్ కేబులు. డిష్ కేబులు సెట్‌టాప్ బాక్సులోకి, అక్కడి నుంచి హెచ్‌డీఎంఐ ఒకటిలోకి. పోయినవాటికీ ఈ గీతలకీ లెక్క సరిపోయింది.

ఇంకో సంగతి గీస్తుంటేనే తట్టింది. మేడ మీద ఒకప్పుడు అద్దెకి ఇచ్చేవాళ్లం కాబట్టి దానికి వేరే మీటరు, వేరే ఎర్త్ గుంట. కింద వాటా ఎర్త్ వీధి వైపు ఉంది, మేడ వాటా ఎర్త్ పెరట్లో నూతి పక్కన ఉంది.

చెట్టు కింద కట్టేసిన గేదె పిడుగుకి చచ్చిపోవడం మా ఊళ్లో అందరికీ తెలుసు. చాలాసార్లు పిడుగు గేదె మీద పడదు, చెట్టు మీద పడి నేలలోకి పాకుతుంది. పాకేటప్పుడు నేలలో అడుగు అడుగుకీ వోల్టేజీ మారిపోతుంది. గేదె ముందుకాళ్లు ఒకచోట, వెనకకాళ్లు ఒకచోట. ఆ తేడా దాని ఒంట్లోంచి దారి చూసుకుంటుంది. మా రిసీవర్ ఒక కాలు వీధి గుంటలో, ఇంకో కాలు నూతి పక్క గుంటలో వేసుకుని నిలబడ్డ గేదె. ప్లగ్గు దగ్గర ఎంత ఖరీదైన స్ట్రిప్పు పెట్టినా రెండు కాళ్ల మధ్య తేడాని అదేం చేస్తుంది?

మే 1

రెండేళ్లుగా సబ్ వూఫర్లో (మంద్ర స్వరాలకి వేరుగా ఉండే స్పీకరు) సన్నగా గుంయ్‌మనే రొద ఉంది. నాన్న రాత్రిళ్లు వీణ కచేరీల రికార్డింగులు పెట్టుకుంటారు. మంద్రస్థాయిలో తీగ ఆగినప్పుడల్లా "వెనక తంబురా ఎవరు మీటుతున్నార్రా" అనేవారు. నేను నవ్వి ఊరుకునేదాన్ని. ఇవాళ ఊరికే లాన్ కేబులు పీకాను. తంబురా ఆగింది. పెడితే వచ్చింది. పీకితే పోయింది. నాన్నని పిలిచి మూడుసార్లు చూపించాను.

కేబులు కొన్నప్పుడు ఖరీదైనదే మంచిదనుకుని షీల్డు, అంటే చుట్టూ లోహపు పొర, ఉన్నది తెచ్చాను. మేడ మీద నా కంప్యూటర్‌కి మూడు పిన్నుల ప్లగ్గు, కాబట్టి దాని డబ్బా నూతి పక్క ఎర్త్‌కి కలిసి ఉంది. అక్కడి నుంచి షీల్డు తీగ స్విచ్చి ఇనప జాక్ మీదుగా రిసీవర్ డబ్బాకి. రిసీవర్‌కి రెండు పిన్నులే గానీ, దాన్నుంచి సబ్ వూఫర్‌కి వెళ్లే ఆర్‌సీఏ (ఆడియో) తీగ పైపొర సబ్ వూఫర్ మూడో పిన్నులోంచి వీధి వైపు ఎర్త్‌కి చేరింది. రెండు ఎర్త్‌ల మధ్య మల్టీమీటర్ పెడితే 2.3 వోల్టుల ఏసీ. ఆ కాస్త వోల్టేజీ ఆర్‌సీఏ పైపొరలోంచి కరెంటు తోస్తుంటే సబ్ వూఫర్ దాన్ని పాటే అనుకుని వాయిస్తోంది.

పిడుగు నడిచిన దారి, రెండేళ్లుగా తంబురా వాయించిన దారి ఒకటే. నాన్న చెవి ముందే పట్టుకుంది, నేను వినిపించుకోలేదు.

రొద పోవడానికి సబ్ వూఫర్ ప్లగ్గులో ఎర్త్ పిన్ను పీకేయమని సలహా ఇచ్చేవాళ్లుంటారు. రొద నిజంగానే పోతుంది. లోపల ఫేజు తీగ ఊడి డబ్బాకి తగిలిన రోజున ముట్టుకున్న మనిషి కూడా పోతాడు.

మే 4

మా బావ జూట్ మిల్లులో ఎలక్ట్రికల్ పని చేస్తాడు. రెండు రోజులకని ఎర్త్ నిరోధం కొలిచే టెస్టరు తెచ్చిచ్చాడు. మెయిన్ ఆపి, గుంట దగ్గర ఎర్త్ తీగ విప్పి, ఒక మేకు 30 మీటర్ల దూరంలో, రెండోది అందులో 62 శాతం దగ్గర, అంటే 18.6 మీటర్ల దగ్గర కొట్టాలి. అంత చోటు మాకు లేదు. పక్కవాళ్ల జీడితోటలోకి తీగలు లాగి, ఏమిటమ్మా సర్వే అని అడిగినవాళ్లందరికీ సమాధానం చెప్పుకుంటూ కొలిచాం.

నూతి పక్కది 9 ఓములు. వీధి వైపుది 41.

మా వైరింగ్ మేస్త్రి ఒప్పుకోలేదు. "ఎర్త్ బాగానే ఉందమ్మా, బల్బెట్టి చూశాను గదా" అన్నాడు. ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య వంద వాట్ల బల్బు పెట్టి, నిండుగా వెలిగితే ఎర్త్ మంచిదనడం ఇక్కడి పద్ధతి. కాగితం మీద లెక్క వేసి చూపించాను. వంద వాట్ల బల్బు నిరోధం వెలిగేటప్పుడు సుమారు 529 ఓములు. దాని వెనక 41 ఓముల ఎర్త్ ఉన్నా బల్బుకి 213 వోల్టులు అందుతాయి. కంటికి తేడా ఎక్కడ తెలుస్తుంది? అదే ఎర్త్ మీద ఫ్రిజ్ డబ్బాకి ఫేజు తగిలితే పారేది అయిదున్నర ఆంపియర్లు. 16 ఆంపియర్ల ఎంసీబీ కదలను కూడా కదలదు. మేస్త్రి కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "అయితే ఆర్‌సీసీబీ ఎయ్యాలి" అన్నాడు. కరెంటు కాస్త ఎర్త్‌లోకి కారినా లైను తెంచేసే మీట అది. 30 మిల్లీ ఆంపియర్లవి రెండు, కింద ఒకటి, పైన ఒకటి, జాబితాలో చేరాయి. సౌండ్ సిస్టమ్ కోసం మొదలెట్టిన పని ఇలా మనుషుల ప్రాణాల సంగతి దాకా వచ్చింది, మంచిదే అయింది.

మే 12

వీధి వైపు గుంట తవ్వితే పన్నెండేళ్ల కింద వేసిన ఉప్పూ బొగ్గూ మట్టిలో మట్టయి ఉన్నాయి. ఇనప పైపు పైన రెండడుగుల దాకా తుప్పు తినేసింది. మూడు మీటర్ల రాగి పూత కడ్డీ దింపి, చుట్టూ బెంటొనైట్ (తేమ పట్టి ఉంచే బంకమట్టి) పోశాం. రెండు రోజులు నీళ్లు పోశాక 14 ఓములు వచ్చింది.

అసలు పని ఆ తర్వాతది. రెండు గుంటల్నీ కలుపుతూ ఇంటి పక్క సందు వెంట అరమీటరు లోతున 25 బై 3 మిల్లీమీటర్ల జీఐ (జింకు పూత ఇనుము) పట్టీ పరిచాం. మేస్త్రికి ఇది నచ్చలేదు. "రెండు మీటర్లవి రెండెర్తులు, కలపకూడదు గదా" అన్నాడు. న్యూట్రళ్లు కలపకూడదు, ఎర్త్‌లు కలపాలి, ఒకే ఇంట్లో ఉన్నప్పుడు తప్పకుండా కలపాలి. గేదె నాలుగు కాళ్లూ ఒకే రాతిపలక మీద ఉంటే నేల ఎంత లేచినా దానికి తేడా తెలియదు. ఈ పోలిక చెప్పాక అతనే మిగతా అతుకులు తీసుకుని చేశాడు.

కలిపాక 6.1 ఓములు. కాగితం మీద 5.5 రావాలి. రెండు గుంటలూ ఒకే మట్టిని పంచుకుంటాయి కాబట్టి కలిపిన లాభం ఆ మాత్రం తగ్గుతుంది.

ఇవాళ సాయంత్రం పాత లాన్ కేబులు మళ్లీ గుచ్చి విన్నాను. తంబురా చాలా సన్నగిల్లింది గానీ ఆగలేదు. రెండు ఎర్త్‌ల మీదుగా తిరిగే తీగల చుట్టు, అంటే లూపు, ఇంకా అలాగే ఉంది.

మే 17

రెండు వాటాల డీబీల్లోనూ (కరెంటు లైన్లు పంచే డబ్బాలు) టైప్ 2 సర్జ్ ప్రొటెక్టర్లు పెట్టాం. ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య వేరిస్టరు, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య గ్యాస్ ట్యూబు ఉన్న రకం, ఆర్‌సీసీబీకి ముందు వైపు. రెండూ మామూలప్పుడు కరెంటుని పోనివ్వవు, వోల్టేజీ హద్దు దాటితే దారి ఇస్తాయి. మా సొంత గుంట మీద ఆధారపడే ఇంటికి ఈ అమరికే సరైనది. వేరిస్టరు 275 వోల్టులదీ దొరుకుతుంది, 320దీ దొరుకుతుంది. రాత్రిళ్లు మా వీధిలో కరెంటు 250 దాటడం నేను చూశాను కాబట్టి 320ది తీసుకున్నాను. మామూలు రోజుల్లో కూడా అంచు మీద నిలబెడితే వేరిస్టరు తొందరగా అరిగిపోతుంది.

మేస్త్రి పని ముచ్చటగా ఉంటుంది. తీగలన్నీ డబ్బా అంచు వెంట వంచి, కేబుల్ టైలు బిగించి, మూలల్లో గుండ్రంగా తిప్పి తెచ్చాడు. టేపు పెట్టి కొలిస్తే ప్రొటెక్టరుకి వచ్చే తీగ, ఎర్త్‌కి వెళ్లే తీగ కలిపి 1.4 మీటర్లు. విప్పమన్నాను. ముఖం ముడుచుకున్నాడు.

మామూలు కరెంటుకి ఒక మీటరు పొడవు తీగ లెక్కలోకే రాదు. పిడుగు సర్జుకి అలా కాదు. మీటరు పొడవు తీగకి సుమారు ఒక మైక్రోహెన్రీ ఇండక్టెన్సు (కరెంటు వేగంగా మారకుండా అడ్డుకునే గుణం) ఉంటుంది. కరెంటు మైక్రోసెకనుకి వెయ్యి ఆంపియర్ల చొప్పున లేస్తే, ప్రతి మీటరు దగ్గరా వెయ్యి వోల్టులు నిలుస్తాయి. ప్రొటెక్టరు తనవరకు 1500 దగ్గర ఆపినా, ఈ అందమైన వైరింగు ఇంకో 1400 కలిపి సామాన్ల మీదికి పంపుతుంది. మొత్తం అరమీటరు దాటకూడదన్నది అందుకే. ఎర్త్ బారుని ప్రొటెక్టరు కిందికే జరిపి, తీగలు తిన్నగా లాగితే 40 సెంటీమీటర్లలో అయిపోయింది. చూడ్డానికి బాగోలేదు. డబ్బాకి మూత ఉందిగా.

మే 23, 24

రాగిని తెంపే రోజు. లాన్ కేబులు స్థానంలో గాజు తీగ (ఫైబర్), రెండు చివరలా నెట్‌వర్క్ సంకేతాన్ని వెలుగుగా, వెలుగుని మళ్లీ సంకేతంగా మార్చే మీడియా కన్వర్టర్లు. గాజులోంచి వెలుగు పోతుంది గానీ కరెంటు పోదు. రెండు ఎర్త్‌లు ఎంత పోట్లాడుకున్నా హాలుకి సంబంధం లేదు.

ఇంటర్నెట్ వాళ్లు స్తంభం నుంచి లాగే నల్లటి డ్రాప్ కేబులు చవక. దాని పక్కన మోయడానికి ఉక్కు తీగ ఉంటుంది. అది అలాగే లోపలికి తెస్తే ఫైబర్ వేసి కూడా పిడుగుకి దారి ఇచ్చినట్టే. మా ఇంట్లోకి వచ్చిన కేబులు చూస్తే ఉక్కు తీగ మోడెం పక్కన మేకుకి చుట్టి ఉంది! దాన్ని గోడ బయటే కత్తిరించి కొక్కేనికి కట్టాను. హాలుకి మాత్రం ఇనుము లేని 25 మీటర్ల రెడీమేడ్ ప్యాచ్ కార్డు తీసుకున్నాను.

పాత కేబులునే లాగుడు తాడుగా వాడుకున్నా ప్యాచ్ కార్డు చివరి ఎస్‌సీ కనెక్టరు పైపు మలుపులో ఇరుక్కుంది. పైపు మోచేతిని రంపంతో కోయాల్సొచ్చింది. గంటన్నర. తీరా అంతా పెట్టాక ఫైబర్ లైటు వెలగదు. కొనలు తుడిచాను, తిప్పాను, తిట్టుకున్నాను. చివరికి డబ్బాల వెనక అక్షరాలు చదివితే కొట్టువాడు రెండూ ఒకే రకం ఇచ్చాడు. ఒకే గాజు పోగులో రెండు వైపులా మాట్లాడాలంటే ఒకటి 1310 నానోమీటర్ల మీద పంపి 1550 మీద వినాలి, రెండోది అటుదిటు. ఇద్దరూ ఒకే స్వరంలో అరుస్తూ, ఇంకో స్వరం కోసం చెవి పెట్టుకుని కూర్చున్నారు. మర్నాడు మార్చుకొస్తే క్షణంలో వెలిగింది.

రిసీవర్‌కి నెట్‌వర్క్ ఎలాగూ చచ్చింది కాబట్టి పక్కన రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటరు పెట్టాను. పాటలు మేడ మీద డిస్కు నుంచి దానికి వస్తాయి, దాన్నుంచి ఆప్టికల్ తీగలో రిసీవర్‌కి వెళతాయి. టీవీ శబ్దం కూడా ఆప్టికల్లోనే. దీనివల్ల నష్టం లేకపోలేదు, హెచ్‌డీఎంఐలో వచ్చే లాస్‌లెస్ సరౌండు ఇందులో పట్టదు. మా ఇంట్లో వినేది వీణా, వార్తలూ. రిసీవర్‌కి ఇక మిగిలిన రాగి కరెంటు తీగ, స్పీకర్ల తీగలు, సబ్ వూఫర్ తీగ. అన్నీ ఆ గదిలోవే.

తంబురా పూర్తిగా ఆగింది. నాన్న ఏమీ అనలేదు, కచేరీ మాత్రం మొదటి నుంచి పెట్టుకున్నారు.

మే 25

రోహిణి మొదలు. టెర్రస్ మీద నిలబడలేకపోయాం, పొద్దున్నే ఏడులోపు ముగించాం. డిష్‌ని నీళ్ల ట్యాంకు పక్క ఎత్తు గొట్టం మీంచి దించి, దక్షిణం కనిపించే చోటే పిట్టగోడ లోపలికి బిగించాం. గొట్టానికి ఎర్త్, కేబులు ఇంట్లోకి దిగేచోట 90 వోల్టుల గ్యాస్ ట్యూబు ఉన్న అరెస్టరు, దాన్నుంచి ఎర్త్ బారుకి పొట్టి తీగ. డిష్ తలకాయకి అదే కేబుల్లో 13, 18 వోల్టుల డీసీ పైకి వెళుతుంది, డీసీని పోనిచ్చే అరెస్టరే కొనాలి. లేదంటే బొమ్మ రాదు.

మే 30

గుంయ్‌మన్న రొద పోయాక దాని కింద దాక్కున్న చిల్లర రొదలన్నీ బయటపడ్డాయి. వీటిని పట్టడానికి నాన్న పాత ట్రాన్సిస్టరు కన్నా మంచి పరికరం లేదు. మీడియం వేవ్‌లో స్టేషన్ లేనిచోట ముల్లు పెట్టి, ఇల్లంతా చంటిపిల్లని తిప్పినట్టు తిప్పాను. రొద పెరిగినచోట దొంగ ఉన్నట్టు.

మొదటి దొంగ నేను తెచ్చిందే. మీడియా కన్వర్టరుతో వచ్చిన చవక అడాప్టరు. గరగరమంటూ మూడడుగుల దూరం దాకా దాని రాజ్యమే. ఫెరైట్ పూస ఒకటి తగిలిస్తే పెద్దగా ఫలితం లేదు. పెద్ద రింగు తెచ్చి తీగని అయిదు చుట్లు చుట్టాను. చుట్ల వర్గం కొద్దీ ఇండక్టెన్సు పెరుగుతుంది, అయిదు చుట్లకి ఇరవై అయిదు రెట్లు. తగ్గింది గానీ నాకు తృప్తి లేదు. పాత మోడెం అడాప్టరు అదే వోల్టులది దొరికితే మార్చేశాను.

రెండోది హాలు ఫ్యాను రెగ్యులేటరు. ఫ్యాను రెండు మీద ఉంటే స్పీకర్లో జర్రుమంటుంది, అయిదు మీద పెడితే ఆగిపోతుంది. కరెంటు అలని మధ్యలో కోసే రకం అది. కెపాసిటర్లతో నడిచే స్టెప్ రకం వేస్తే పోయింది. మెట్ల దగ్గర ఎల్ఈడీ బల్బు ఒకటి, మార్చాను. కరెంటు పోయినప్పుడు మా పాత స్క్వేర్ వేవ్ ఇన్వర్టరు మీద అంతా బుర్రుమనేది. కొత్త ఇన్వర్టరు ఇప్పట్లో కొనలేం, హాలు సామాన్లనే ఆ లైను మీంచి తప్పించాం.

అయిదోది రెండు రోజులు దొరకలేదు. ఉన్నట్టుండి టిటిట్ టిటిట్ అని, మళ్లీ ఉండదు. నానమ్మ బటన్ ఫోను సబ్ వూఫర్ మీద పెట్టి విసనకర్ర వెతుక్కుంటోంది. టూజీ ఫోను సెకనుకి 217 సార్లు ఆగి ఆగి ప్రసారం చేస్తుంది, ఆ లయే అది. ఫోనుకి కిటికీలో చోటు చూపించాను.

ఫ్రిజ్ ఆగేటప్పుడు వచ్చే టప్ మాత్రం ఇంకా ఉంది. ఉండనీ.

జూన్ 3

పక్క వీధిలో న్యూట్రల్ తెగి నాలుగిళ్లలో ఫ్యాన్లు, టీవీలు కాలాయి. మూడు ఫేజుల లైనులో న్యూట్రల్ పోతే కొన్ని ఇళ్లకి 230 బదులు 400 వోల్టుల దాకా పోవచ్చు. సర్జ్ ప్రొటెక్టరు దీనికి పనికిరాదు. అది మైక్రోసెకన్ల దెబ్బ కోసం చేసింది, నిమిషాలపాటు నిలిచే వోల్టేజీకి అదే కాలిపోతుంది. వోల్టేజీ 270 దాటినా, 170 కన్నా పడినా తెంచేసే రిలే రెండు డీబీల్లోనూ వేయించాను. మేస్త్రి ఈసారి చెప్పకుండానే తీగలు పొట్టిగా పెట్టాడు.

జూన్ 12

నేను పార్వతీపురంలో పెళ్లికి వెళ్లాను. నాలుగు దాటాక ఫోన్లో దామిని యాప్ మోగింది. పుణెలోని ఐఐటీఎం వాళ్లది, చుట్టూ ఇరవై, నలభై కిలోమీటర్లలో పిడుగులు చూపిస్తుంది. 2018 ఏప్రిల్ 24న మన రాష్ట్రంలో పదమూడు గంటల్లో 36,749 పిడుగులు పడ్డాయని విపత్తు నిర్వహణ వాళ్లు లెక్క చెప్పారు. అది చెప్పి మా బావ అందరి ఫోన్లలోనూ ఈ యాప్ వేయిస్తున్నాడు. ఎంత చేసినా నేరుగా ఇంటి మీద పడితే ఈ డబ్బాలు ఆపలేవు, ఉరుము దూరంగా ఉన్నప్పుడే ప్లగ్గులు పీకమని ఇంట్లో చెప్పే ఉంచాను. ఫోను చేస్తే ఎవరూ ఎత్తలేదు.

రాత్రి ఇంటికొచ్చేసరికి నాన్న గుమ్మంలోనే "కచేరీ సగంలో ఆగిపోయిందమ్మాయ్" అన్నారు. ప్లగ్గు పీకలేదు, తానం మధ్యలో పీకడానికి మనసొప్పలేదట.

రిసీవర్ బాగుంది. టీవీ, కొత్త సెట్‌టాప్ బాక్సు, రాస్ప్‌బెర్రీ పై, అన్నీ బాగున్నాయి. డీబీల్లో ప్రొటెక్టర్ల సూచిక కిటికీలు పచ్చగానే ఉన్నాయి. హాల్లో మీడియా కన్వర్టరుకి కరెంటు లైటు వెలుగుతోంది, ఫైబర్ లైటు లేదు. మేడ ఎక్కితే కాలిన వాసన. స్విచ్చి ఈసారి మొత్తం పోయింది, దాని పక్కనున్న మేడ మీది మీడియా కన్వర్టరు పోయింది, గేటు స్తంభం మీద కెమెరా పోయింది. గేటు నుంచి స్విచ్చి దాకా 18 మీటర్ల లాన్ కేబులు, ఆరుబయట, రాగి. హాల్లోకి వచ్చే తీగలే లెక్కపెట్టాను, మేడ మీదికి వచ్చేవి పెట్టలేదు. దెబ్బ గాజు దగ్గర దాకా వచ్చి ఆగింది.

కెమెరాకి కరెంటు కూడా ఆ లాన్ తీగలోనే వెళుతుంది కాబట్టి గాజు వేస్తే చాలదు, గేటు దగ్గరికి వేరే కరెంటు లాగాలి, అది మళ్లీ రాగి. లేదా చిన్న సోలార్ పలక. మేస్త్రి రేపు పొద్దున్నే వస్తానన్నాడు. మార్చి కాగితం మళ్లీ పరిచి, వీధి వైపు గేటు గీశాను.